ఒరిజినల్ ఎల్లమ్మా?

మొదటి రోజు కౌంటరాయన
కళ్లద్దాల మీంచి చూసి
"ఒరిజినల్ ఎల్లమ్మా?" అన్నాడు.
ఎల్లమ్మను కాదు సార్, సుంకమ్మను, అన్నాను.
వెనక క్యూ అంతా నవ్వింది.
పదకొండేళ్లయింది బెంగళూరొచ్చి.
కన్నడంలో కూరగాయలు బేరమాడతాను,
కండక్టరుతో చిల్లర కోసం పోట్లాడతాను.
భయమేస్తే మాత్రం
నా చెవులు హిందూపురం వెళ్లిపోతాయి.

ఎల్లి అంటే ఎక్కడ.
ఒరిజినల్ ఎక్కడ. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఎక్కడ.
డాక్టరు సంతకం కింద ముద్ర ఎక్కడ.
ఇ.ఎస్.ఐ. కార్డులో సుంకమ్మ, ఆధార్‌లో సుంకులమ్మ,
ఈ ఇద్దరూ ఒకటేనని నోటరీ కాగితం ఎక్కడ.
రెండువందలిచ్చి
ఒక్క మనిషినయ్యాను.

కోపం రాలేదు, నిజంగా.
పీణ్యలో నా పనీ అదే.
రోజుకు ఆరువందల చొక్కాలు తిరగేసి
కుట్టు జారిన చోట ఎర్ర బాణం అంటిస్తాను.
కుట్టినామె మొహం చూడను, చూస్తే చెయ్యాగిపోతుంది.
ఆయనా నా మొహం చూడలేదు.
పెన్సిలుతో అంచున చిన్న చిన్న గీతలు పెట్టి
ఫైలు ఇటు తోశాడు. నాళె బన్ని.

ఫారంలో ఏడో గడి:
మా ఆసుపత్రికి ఎందుకు రాలేదు?
రెండు వేళ్ల ఖాళీ ఇచ్చారు.
అందులో ఎంతని పట్టిస్తాను?
రాత్రి రెండూ పది. ఓబులేసు గోడకు చేరగిలబడి,
బనియను తడిసి ముద్దై,
గ్యాసులేవే, గ్యాసు, అంటానే ఉన్నాడు.
ఆటో రాజాజీనగర్ వైపే తిరిగింది.
సగం దారిలో ఆయన మాట ఆగింది.
ఎదురుగా లైట్లున్న బిల్డింగు.
లైట్లున్నాయని దిగాం.
"దగ్గర కాబట్టి" అని రాశాను.

గుండెలో చిన్న స్ప్రింగు:
లక్షా ముప్పై ఎనిమిది వేల నాలుగొందల ఇరవై.
చీటీ నష్టానికి పాడాను.
మిగిలింది మా లైన్లో ఆడోళ్లు తలా కొంత వేశారు.
వాళ్ల పేర్లు ఏ గడిలోనూ అడగలేదు.

మందుల బిల్లులు నడుముకు దోపుకుని తిరిగాను కదా,
చెమట పట్టి, నలిగి, నమిలి పారేసిన తమలపాకుల్లా ఉన్నాయి.
ఆఫీసుకు ఇట్లా ఇస్తామా అని
ఇస్త్రీ టేబుల్ తిమ్మరాజును బతిమాలాను.
కాలరు మీద వేసినంత సుతారంగా
పెట్టె వేశాడు.
కాగితం గుప్పున నల్లబడింది.
పేరు, తేదీ, సూదిమందు,
రెండువేల మూడొందల పదహారు రూపాయలు,
అన్నీ ఒకే నలుపు.
ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.
వేడితో అచ్చేసే కాగితం అక్కా ఇది,
వేడికే చచ్చిపోతుంది, అన్నాడు
అంతా అయిపోయాక.

కౌంటరాయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టాడు.
వంచి చూశాడు.
తర్వాత నన్ను చూశాడు, మొట్టమొదటిసారి.
"ఇస్త్రీ మాడిద్రా?"
తలూపాను.
నవ్వలేదాయన. పెన్సిలు పక్కన పెట్టి, పెన్ను తీసి
ఎక్కడికెళ్లాలో, ఎవర్ని అడగాలో,
డూప్లికేటు మీద ఏ ముద్ర వేయించాలో
పెద్ద పెద్ద అక్షరాల్లో రాసిచ్చాడు.

ఎనిమిది నెలలకు మెసేజొచ్చింది, నేను లైన్లో ఉండగా.
అరవై ఒక్క వేల రెండొందల డెబ్బై ఐదు.
సర్కారు రేటు ప్రకారం
గుండె అంతేనట.
సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. చేతిలో చొక్కా తిరగేశాను.
చంకలో కుట్టు జారి ఉంది.
కాసేపు బాణం అంటించలేదు.

నల్ల కాగితం నాకే తిరిగిచ్చేశారు.
మొన్న కరెంటు బిల్లు వెతుకుతూ ఓబులేసు బయటికి తీశాడు.
ఏందే ఇది?
నువ్వే, ఆసుపత్రిలో.
అటు తిప్పి ఇటు తిప్పి
"బాగానే పడినానే ఫోటోలో" అని
రొమ్ము మీద చెయ్యేసుకుని పకపకా నవ్వాడు.
అంత గట్టిగా నవ్వాకు, అన్నాను,
ఇంకో ఫారం నింపే ఓపిక లేదు నాకు.